సైకిలుకు తుప్పు ఎందుకు పడుతుంది?

రెండేళ్ళ కిందట వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్తూ మా ఆరుగురి సైకిళ్ళనూ హాస్టలు వెనుక రేకుల షెడ్డులో పెట్టాము. దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద ఇటుకలు కూడా పెట్టాము. జూన్‌లో వచ్చి చూస్తే చైన్లు ఎర్రబడి బిగుసుకుపోయాయి. ఎనిమిదో తరగతి తమ్ముడి చైను మొదటి రోజే దారిలో తెగింది. వాళ్ళ నాన్న కూలి డబ్బులు కూడబెట్టి కొన్న పాత సైకిలు అది. బడి మూడు కిలోమీటర్లు. కొత్త చైనుకు డబ్బు వచ్చేదాకా వాడు నడిచే వెళ్ళాడు. పట్టా కప్పింది మేమే కాబట్టి మాకు చాలా బాధ కలిగింది.

సైన్సు పాఠంలోని మూడు పరీక్షనాళికల ప్రయోగం మిత్రులందరికీ గుర్తుండే ఉంటుంది. మామూలు నీటిలోని మేకుకు తుప్పు పడుతుంది. మరిగించి, పైన నూనె పోసిన నీటిలోని మేకుకు పట్టదు. తేమ లేని గాలిలోని మేకుకూ పట్టదు. అంటే నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ కలిస్తేనే తుప్పు. అల్యూమినియం మీద ఏర్పడే పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా కాదు. పొరలుగా రాలిపోతుంది, కింద మళ్ళీ కొత్త ఇనుము బయటపడుతుంది. చిన్న మచ్చే కదా అని వదిలేస్తే పెరిగేది అందుకే.

ఉప్పు తోడైతే ఈ పని మరీ త్వరగా జరుగుతుంది. మాది సముద్రం దగ్గరి ఊరు, గాలిలోనే ఉప్పు. చలిదేశాలలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది కారు అడుగున అంటుకుంటుంది. అందుకే చలికాలమంతా కారును షెడ్డులో ఉంచేవారు ముందు దాని అడుగుభాగం కడిగి ఆరబెడతారు.

ఇక మా పట్టా సంగతి. నేలలోని తేమ పైకి లేచి, బయటికి పోయే దారి లేక, రాత్రి చల్లబడగానే లోపల చెమటలా పట్టింది. దుమ్ము రాకుండా చేశాము గానీ తేమను లోపలే బంధించాము!

పోయిన వేసవిలో పద్ధతి మార్చాము. ముందు మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఒక పూట ఎండలో ఉంచాము. ఉన్న తుప్పును ఉప్పు కాగితంతో రుద్దాము (పేరులోనే ఉప్పు, అందులో ఉండేది గరుకు పొడి). పెయింటు లేచిన చోట మళ్ళీ పెయింటు వేశాము. చైనును కిరోసిన్‌తో శుభ్రం చేసి, ఆరాక మిషను నూనె వేసి, పెడలు తిప్పుతూ ప్రతి లింకులోకీ దిగనిచ్చాము. వంటనూనె వేద్దామని ఒకరు అన్నారు గానీ అది కొన్నాళ్ళకు జిగురై దుమ్ము పట్టుకుంటుంది. నట్లకు గ్రీజు రాశాము. రిమ్ములకు మాత్రం నూనె తగలనివ్వలేదు, తగిలితే బ్రేకు పడదు. చక్రాల కింద చెక్కలు పెట్టి, పట్టాకు బదులు పాత నూలు దుప్పట్లు వదులుగా కప్పాము.

జూన్‌లో వచ్చి చేత్తో తిప్పితే ఆరు చైన్లూ తిరిగాయి. సీట్ల కింది స్ప్రింగులకు నూనె రాయడం మరిచిపోయాము, అక్కడ మాత్రం తుప్పు పట్టింది.