గనులలో ప్రమాదాలు - వాటి నివేదన

రాత్రివేళ విద్యుద్దీపపు వెలుగులో పాఠ్యగ్రంథం చదువుకొనే విద్యార్థి ఆ వెలుగు వెనుక ఉన్న చీకటిని గురించి తలచుకోవడం అరుదు. మన దేశంలో విద్యుత్తులో అధిక భాగం నేటికీ బొగ్గు నుండియే లభిస్తున్నది. ఆ బొగ్గును భూగర్భం నుండి వెలికి తీసేవాడు గని కార్మికుడు. తెలుగునేలకు ఈ వృత్తితో సంబంధం కొత్తది కాదు. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల త్రవ్వకపు హక్కులు పొందినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. బొగ్గు మాత్రమే కాదు. గూడూరు ప్రాంతపు అభ్రకం, కడప జిల్లాలోని రాతినార, గరివిడి ప్రాంతపు మాంగనీసు కూడ తెలుగువారి చేతుల మీదుగా భూమి నుండి పైకి వచ్చినవే.

గనులలో ప్రమాదాలు జరుగుతాయని అందరూ ఎరుగుదురు. అయితే ప్రమాదం జరిగిన తరువాత దానిని ఎవరు, ఎవరికి, ఎంత కాలంలో తెలియజేయాలి? తెలియజేయకపోతే కలిగే నష్టమేమి? ఈ వ్యాసం పరిమితి ఈ ప్రశ్నలే.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కనే నడుస్తున్నవి. ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలలో 'దాఖలు' ఒకటి. దాని అరబ్బీ మూలానికి 'లోపల ప్రవేశించుట' అని అర్థం. కాగితంలో ప్రవేశించిన సంగతియే లోకవ్యవహారంలో ప్రవేశిస్తుంది. దాఖలు కాని గాయం బాధితునికి తప్ప మరెవ్వరికీ లేనట్లే లెక్క.

చట్టం చెప్పిన మాట

మన దేశంలో తొలి గనుల చట్టం 1901లో వెలువడినది. మరుసటి సంవత్సరం కలకత్తాలో గనుల తనిఖీ కార్యాలయం నెలకొన్నది. అది 1908లో ధనబాదుకు తరలి, కాలక్రమాన గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌గా రూపొందినది. స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1952 నాటి గనుల చట్టం ఏడు దశాబ్దాలకు పైగా ఈ విషయంలో ప్రమాణంగా నిలిచినది.

ఆ చట్టం గాయాలకు తరతమ భేదాలను నిర్ణయించినది. అవయవం గాని దాని ఉపయోగం గాని శాశ్వతంగా పోవడం, చూపునకు లేదా వినికిడికి శాశ్వత హాని కలగడం, ఎముక విరగడం - ఇవి 'తీవ్ర శారీరక గాయాలు'. అంతకు తక్కువదైనా, కార్మికుడు 72 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేని స్థితి కల్పించినది 'నివేదింపదగిన గాయం'. మరణం గాని, తీవ్ర గాయం గాని సంభవిస్తే యజమాని, ఏజెంటు లేదా మేనేజరు అధికారులకు నోటీసు పంపాలి. ఎవరికీ గాయం తగలకున్నా విస్ఫోటం, నిప్పు, నీటి ఉప్పెన, విషవాయువుల ప్రవేశం, మనుషులను దింపే తాళ్లు తెగడం వంటివి కూడ తెలుపవలసినవే. ఆ నోటీసు ప్రతిని కార్మిక సంఘ ప్రతినిధులు చూడగల చోట ప్రత్యేక ఫలకంపై 14 రోజులకు తక్కువ కాకుండా ఉంచాలి. నివేదింపదగిన గాయాలను రిజిస్టరులో వ్రాసి, మూడు నెలలకొకసారి నకళ్లు పంపాలి.

ఇందులో మరొక నియమం గమనింపదగినది. ప్రాణనష్టం లేక తీవ్ర గాయం సంభవించిన స్థలాన్ని తనిఖీ అధికారి వచ్చి చూచేవరకు మార్చరాదు. బాధితులను రక్షించుటకు, మరొక ప్రమాదాన్ని నివారించుటకు చేసే పనులకు మినహాయింపు ఉన్నది. అధికారి 72 గంటలలో తనిఖీ చేయకపోతే పని తిరిగి ప్రారంభించవచ్చును. కూలిన కప్పు, విరిగిన దిమ్మె, జారిన టబ్బు నోరులేని సాక్షులు గదా! వాటిని సర్దివేసిన తరువాత కారణాన్ని వెదకడం వ్యర్థం.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిపర భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి, గనుల చట్టాన్ని తనలో ఇముడ్చుకొన్నది. మరణానికి, అలాగే 48 గంటలు లేదా అంతకు మించి పనికి దూరం చేసే శారీరక గాయానికి నోటీసు ఇవ్వాలని ఈ కోడ్ ఆదేశిస్తున్నది. చట్టం పేరు మారినా దాని ప్రాణం మారలేదు: జరిగినది జరిగినట్లు, జరిగిన వెంటనే తెలుపవలెను.

హాజరు పట్టిక చెప్పిన అబద్ధం

నేను విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో నా గదిలో ఉండిన మిత్రుడు బొగ్గుగనుల ప్రాంతంవాడు. ఒక సెలవులలో వాళ్ల ఇంటికి వెళ్లాను. అతని తండ్రిని నేను చాచా అని పిలిచేవాణ్ణి. భోజనాల వేళ ఆయన కుడిచేతి రెండు వ్రేళ్లు ముడుచుకొనకపోవడం చూచి కారణమడిగాను. కొన్నేళ్ల క్రితం రెండు టబ్బుల నడుమ చేయి నలిగినదట. పైవాడు వచ్చి, "ఎందుకు భాయ్ ఈ కాగితాల గొడవ? రోజూ వచ్చి లాంపు రూములో కూర్చో. నీ మస్టరు పడుతుంది, జీతం పోదు" అన్నాడట. చాచా దానిని దయగా భావించారు. కట్టు కట్టించుకొని నెల రోజులు లాంపు రూములో కూర్చున్నారు.

వ్రేళ్లు స్వాధీనంలోకి రాలేదు. తరువాతి కాలంలో నష్టపరిహారం కోరినప్పుడు ఆయనకు లభించిన సమాధానం ఒక్కటే: "ఆ తేదీలన్నింటిలోను మీరు డ్యూటీలో హాజరై ఉన్నారు." ఆయనకు అన్నం పెట్టిన మస్టరే ఆయనకు వ్యతిరేక సాక్షి అయినది. నిజానికి ఎముక విరిగినప్పుడు రోజుల లెక్కతో పనియే లేదు. ఆనాటి చట్టం ప్రకారం అది తీవ్ర గాయం. ఆ ఒక్క వాక్యం తెలిసినవాడు ఆనాడు ఆయన ప్రక్కన లేడు. చాచా ఎవరినీ తిట్టలేదు. "చదువుకొన్నవాడు ఒకడు ఉంటే బాగుండేది బేటా" అని మాత్రం అన్నారు.

కనబడని గాయాలు

ప్రమాదానికి తేదీ ఉంటుంది. వ్యాధికి తేదీ ఉండదు. రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్‌గా, బొగ్గుధూళి న్యూమోకోనియోసిస్‌గా పరిణమించుటకు సాధారణంగా ఎన్నో ఏళ్లు పడుతుంది. ఈ లోపల కార్మికుడు పని మాని స్వగ్రామానికి చేరి ఉండవచ్చు. అక్కడి వైద్యుడు దగ్గు, ఆయాసం చూచి క్షయ అని మందులు ఇయ్యవచ్చు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం కూడ ఎక్కువ కావడంతో అసలు వ్యాధి మరుగునపడుతుంది.

ఈ చిక్కును 1952 చట్టకర్తలు ముందే ఊహించారు. గనిలో పనిచేస్తున్నవాడే కాదు, గతంలో పనిచేసినవాడు ఇట్టి వ్యాధితో వచ్చినా, చికిత్స చేసే వైద్యుడు గనుల ప్రధాన తనిఖీ అధికారికి వ్రాతపూర్వకంగా తెలుపాలని శాసించారు. కాని తెలుపని వైద్యునికి గరిష్ఠ జరిమానా 50 రూపాయలు మాత్రమే. కొత్త కోడ్ దానిని 10,000 రూపాయల వరకు పెంచినది. జరిమానా కంటె ముఖ్యమైనది రోగిని వైద్యుడు అడుగవలసిన ఒక్క ప్రశ్న: "నీవు ఇదివరకు ఏమి పని చేసేవాడవు?"

చిన్నదానిని దాచితే

1931లో అమెరికాకు చెందిన హైన్రిచ్ ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఒక పెద్ద గాయం వెనుక 29 చిన్న గాయాలు, 300 గాయంలేని ఘటనలు ఉంటాయని ఆయన అంచనా. ఆ అంకెలను తరువాతివారు ప్రశ్నించారు. అన్ని పరిశ్రమలకూ ఒకే నిష్పత్తి వర్తించదు. అయినను, చిన్న ఘటనలను గమనించుటవల్ల రాబోయే ముప్పును కొంతవరకైనా పసిగట్టవచ్చుననే మాటకు విలువ ఉన్నది.

1975 డిసెంబరు 27న ధనబాదు సమీపాన చాస్‌నాలా గనిలోకి, విడిచిపెట్టిన పాత త్రవ్వకాలలో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది మరణించారు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు ముంచెత్తి 17 మంది అసువులు బాసారు. ఇట్టి దుర్ఘటనలు బోధించే సత్యమొకటి ఉన్నది. పాత త్రవ్వకం ఎంతవరకు సాగినదో తెలిపే పటం కూడ ఒక నివేదికయే. ముందుతరం వెనుకతరానికి చేసే హెచ్చరిక అది. గోడ చెమ్మగిల్లినదని సర్దార్ తన షిఫ్టు పుస్తకంలో వ్రాసే ఒక్క పంక్తి కూడ అట్టిదే.

గణాంకాలు చదివే విద్యార్థి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మరణాన్ని దాచడం కష్టం. గాయాన్ని దాచడం సులువు. ఏ గనిలోనైనా మరణాలు కనబడుతూ గాయాలు దాదాపు శూన్యంగా ఉంటే, అది క్షేమానికి చిహ్నం కాకపోవచ్చు. నివేదన లోపానికి చిహ్నం కావచ్చు. గాయాల సంఖ్య తక్కువగా ఉన్నందుకే బహుమతులిచ్చే పద్ధతి కూడ కొన్నిచోట్ల గాయాన్ని మాన్పుటకు బదులు కాగితాన్ని మాన్పుతుంది. ఇక ఉద్యోగం పోతుందనే భయం, ముఖ్యంగా కాంట్రాక్టు కార్మికులలో, నోటికి తాళం వేస్తుంది. అందుకే 1995 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 176వ ఒడంబడిక, ప్రమాదాలను, అపాయకర పరిస్థితులను యజమానికి, అధికారులకు తెలిపే హక్కు కార్మికునికే ఉండాలన్నది.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు గని కార్మికుల బిడ్డలు కావచ్చును. రేపు మీలో ఒకరు కార్యాలయంలో గుమాస్తా, ఒకరు ఆసుపత్రిలో వైద్యుడు, ఒకరు గనిలో పర్యవేక్షకుడు కావచ్చును. మీ బల్ల మీదికి ఒక ఖాళీ పత్రం వస్తుంది. పేరు, తేదీ, స్థలం, గాయం, కారణం అనే గడులు అందులో ఉంటాయి. వాటిని నింపుటకు పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఒక కుటుంబపు అన్నాన్ని నిలబెట్టవచ్చు; ఆ గాయమే మరొకనికి తగులకుండా ఆపవచ్చు. మీ ఇంటి పెద్దలకు పనిలో దెబ్బ తగిలితే, కట్టు కట్టించిన వెంటనే అడుగవలసిన మాట ఒక్కటి: "రిజిస్టరులో వ్రాశారా?" వ్రాయకపోతే మీరే అర్జీ వ్రాసి, అందినట్లు సంతకం తీసుకొని, నకలు ఇంట భద్రపరచండి.

చదువుకొన్నవాడు ఒకడు ఉంటే బాగుండేదన్న చాచా మాట నేటికీ నా చెవులలో ధ్వనిస్తున్నది. మరొక ఇంట అట్టి మాట వినబడకుండా చేయగలిగితే మన చదువు సార్థకమైనట్లే.