మత్తుమాత్ర ఇచ్చే ముందు, ఇచ్చిన తర్వాత

ఆసుపత్రి వార్డులో రాత్రి తొమ్మిది దాటాక తరచుగా వినబడే మాట ఒకటుంది: "సిస్టర్, మా అమ్మీ కుదురుగా పడుకోవడం లేదు. నిద్ర పట్టడానికి ఏదైనా మాత్ర ఇవ్వండి." అడిగేవారి బాధ నిజమే, రెండు రాత్రులుగా వారికీ నిద్ర ఉండదు. అయినా పని తెలిసిన నర్సు వెంటనే మాత్ర తీయదు. నర్సింగ్ చదివే ఆడపిల్లలకు ఫీజులు కట్టే దాతలు మీలో ఉన్నారు. ఈ ఒక్క సందర్భం కోసం ఆ పిల్లలు ఎంత నేర్చుకోవాలో చూడండి.

ఆందోళన తగ్గించడానికి వైద్యులు రాసే మత్తుమందుల్లో ఎక్కువ భాగం బెంజోడయజెపీన్ అనే కుటుంబానివి. డయజెపామ్, లోరజెపామ్, ఆల్‌ప్రజోలామ్ ఇందులోవే. మెదడులో గాబా అనే రసాయనం సహజంగానే నరాల వేగాన్ని అదుపు చేస్తుంది. ఈ మందులు దాని పనికి బలం చేకూరుస్తాయి. భయం తగ్గుతుంది, కండరాలు సడలుతాయి, నిద్ర వస్తుంది. మోతాదు మించినా, మరో మత్తుమందు తోడైనా శ్వాస కూడా మందగిస్తుంది. నర్సు జాగ్రత్తలన్నీ ఈ చివరి మాట చుట్టూనే తిరుగుతాయి.

మొదట వెతకవలసింది ఆందోళనకు కారణం. ఆక్సిజన్ తగ్గిన రోగి కూడా మంచం మీద అటూ ఇటూ కొట్టుకుంటాడు. షుగరు పడిపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, భయపడినట్టే కనిపిస్తారు. మూత్రం బిగబట్టిన ముసలాయన చెప్పలేక మంచం దిగబోతాడు. వీరికి మత్తు ఇస్తే వార్డు ప్రశాంతమవుతుంది, జబ్బు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. ఊపిరి అందక గింజుకునే మనిషికైతే ప్రాణానికే ముప్పు. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన పెద్దావిడ ఈ సాయంత్రం హఠాత్తుగా మనుషులను గుర్తుపట్టకపోతే, జ్వరమో ఇన్‌ఫెక్షనో కొత్త మందో కారణం కావచ్చు. మత్తు ఆ తికమకను ఇంకా పెంచవచ్చు. కొందరిది రేపటి ఆపరేషన్ భయం మాత్రమే. పక్కన కూర్చుని రేపు ఏం జరుగుతుందో వివరిస్తే చాలామంది కుదుటపడతారు. పరీక్షలో దీనికి మార్కులు తక్కువేమో గానీ, నాకు ఇదే పెద్ద విద్యగా తోస్తుంది.

మాత్ర అవసరమని డాక్టరు తేల్చాక, రోగి ఇప్పటికే వాడుతున్న మందులు అడగాలి. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు వీటితో కలిస్తే ప్రమాదం. మద్యం సంగతి బంధువుల ఎదుట అడిగితే నిజం రాదు, ఒంటరిగా, మర్యాదగా అడగాలి. ఆపైన శ్వాస లెక్క. పెద్దవారికి విశ్రాంతిలో నిమిషానికి 12 నుంచి 20. అంతకంటే తక్కువుంటే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. లెక్కిస్తున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. అందుకే నాడి చూస్తున్నట్టు చేయి పట్టుకునే, ఛాతీ కదలికను నిమిషం నిండా లెక్కపెడతారు.

మాత్ర మింగించాక అసలు కాపలా మొదలవుతుంది. మాట ముద్దగా వస్తోందా, పిలిస్తే పలుకుతున్నారా చూస్తుండాలి. బాత్రూముకు ఒంటరిగా పంపకూడదు. వృద్ధుల్లో మందు నెమ్మదిగా బయటికి పోతుంది, ఒక్కసారి జారిపడితే తుంటి ఎముక విరగవచ్చు. నరానికి ఇంజెక్షన్ ఇస్తే మెల్లగా ఎక్కించాలి, ఆక్సిజన్ పక్కనే సిద్ధంగా ఉండాలి. ఫ్లుమాజెనిల్ అనే విరుగుడు ఉంది గానీ, దాని ప్రభావం చాలాసార్లు అసలు మందుకంటే ముందే తగ్గిపోతుంది. కాబట్టి విరుగుడు ఇచ్చాక కూడా కళ్లు తిప్పుకోకూడదు.

ఇక ఇళ్ల సంగతి. రంజాన్‌లో పగటి మాత్రను, రాత్రి మాత్రను కలిపి ఇఫ్తార్ తర్వాత ఒకేసారి వేసుకోవడం చాలా ప్రమాదం. నెల మొదలుకాకముందే డాక్టరును కలిసి వేళలు మార్పించుకోవాలి. సహరీకి లేచి ఆ మత్తులోనే పొయ్యి వెలిగించే గృహిణుల సంగతి వేరే చెప్పాలా?

ఆల్‌ప్రజోలామ్, డయజెపామ్ హెచ్1 షెడ్యూల్‌లో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి మందుల షాపువారు ఇలాంటివాటికి డాక్టరు చీటీ చూసి, రోగి పేరు రిజిస్టరులో రాసి, మూడేళ్లు భద్రపరచాలి. మన ఇంట్లో మిగిలిన పట్టీ పక్కింటి బీదరాలికి ఇవ్వడం మంచి మనసుతో చేసినా ఆమెకు హానే.

నెలనెలా మందులు ఇప్పించే దాతలకు ఒక మనవి. నెలల తరబడి ఈ మాత్ర వాడుతున్నవారికి అది ఉన్నట్టుండి ఆగితే నిద్ర పోతుంది, వణుకు, చెమటలు వస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. మానిపించాలంటే డాక్టరే మెల్లగా మోతాదు తగ్గించాలి. కాబట్టి జాబితాలో ఈ మాత్రల పేర్లు కనిపిస్తే పక్కన గుర్తు పెట్టుకోండి. చందాలు అందడం ఆలస్యమైన నెలలోనూ ఆ పట్టీ అయిపోయే రోజుకు ముందే కొత్త పట్టీ ఆ ఇంటికి చేరేలా చూడండి.