రెండో కార్డు అమ్మేముందు

కౌంటర్ దగ్గరికి ఒక కుర్రాడు వస్తాడు. ఇంట్లో ఎనిమిది జీబీ గ్రాఫిక్ కార్డు ఉందట, కొత్త గేములు ల్యాగ్ కొడుతున్నాయట. "అన్నా, ఇలాంటిదే సెకండ్‌హ్యాండ్‌లో ఇంకోటి వేస్తే పదహారు జీబీ అవుతుంది కదా?" అని అడుగుతాడు. సికింద్రాబాద్ సీటీసీలో పనిచేసేవారైనా, సొంత ఊళ్లో చిన్న షాపు పెట్టుకున్నవారైనా సిస్టమ్‌లు అసెంబుల్ చేసేవాళ్లకు ఈ బేరం ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. కార్డు అమ్మడం పది నిమిషాల పని. ఆ తర్వాత నెల రోజులు అతని ఫోన్లు ఎత్తాల్సింది మాత్రం మీరే. అందుకని ఆ పది నిమిషాల్లో ఏం చెప్పాలో ముందే తెలిసుండాలి.

చెప్పాల్సింది ఒక్కటే: గేముల కోసమైతే ఒకే కార్డు, బడ్జెట్‌లో వచ్చేవాటిలో మంచిది. ఎందుకో అతనికి అర్థమయ్యేలా చెప్పగలగడమే మీ పనితనం.

బస్సుల లెక్క

గంటకు ఆరు బస్సులు తిరిగే రూటు అనుకోండి. పది నిమిషాలకొకటి వస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. రెండు బస్సులు ఒకదాని వెనకే ఒకటి వచ్చేసి, ఆ తర్వాత ఇరవై నిమిషాలు రోడ్డు ఖాళీగా ఉంటే? డిపో లెక్కలో ఆరు బస్సులూ తిరిగినట్టే. స్టాపులో నిలబడ్డవాడిని అడిగితే తెలుస్తుంది అసలు సంగతి.

రెండు కార్డుల గేమింగ్‌లో జరిగింది ఇదే. సెకనుకు 60 ఫ్రేములు సాఫీగా రావాలంటే ఒక్కోటి సుమారు 16.7 మిల్లీ సెకన్లకు రావాలి. రెండు కార్డులు వంతులవారీగా ఫ్రేములు గీస్తున్నప్పుడు ఒకటి 8 మిల్లీ సెకన్లకే వచ్చి, తర్వాతది 25 తీసుకుందనుకోండి. సగటు 16.5. తెర మూలన మీటరు 60 చూపిస్తుంది. కంటికి మాత్రం ఆ 25 మిల్లీ సెకన్ల గ్యాపే తగులుతుంది. ఆట 40 ఫ్రేముల్లా అనిపిస్తుంది. దీన్నే మైక్రో స్టటర్ అంటారు. సాఫీదనం ఫ్రేముల సంఖ్యలో లేదు, వాటి మధ్య ఎడం సమానంగా ఉండటంలో ఉంది.

ఇక పదహారు జీబీ సంగతి. గేములో రెండు కార్డుల మెమరీ కలవదు. గీయాల్సిన బొమ్మల సరంజామా అంతా ప్రతి కార్డూ తన దగ్గర విడిగా పెట్టుకోవాల్సిందే. ఎనిమిదీ ఎనిమిదీ కలిసినా గేముకు దొరికేది ఎనిమిదే.

ఆ రోజులు పోయాయి

ఈ ఆలోచన ఒకప్పుడు బాగానే నడిచింది. 1998లో వచ్చిన వూడూ2 కార్డులు రెండు జతచేస్తే ఒకటి బేసి గీతలు, ఇంకోటి సరి గీతలు గీసేవి. దీన్ని ఎస్‌ఎల్‌ఐ అనేవారు. 2004లో ఎన్‌విడియా ఎస్‌ఎల్‌ఐ పేరును మళ్లీ తెచ్చింది, మరుసటి ఏడాది ఏటీఐ క్రాస్‌ఫైర్ వచ్చింది. అప్పటికి పద్ధతి మారింది, ఎక్కువగా ఫ్రేముకొక కార్డు అయింది. ఒక్కో గేముకూ డ్రైవరులో విడిగా ప్రొఫైల్ రాయాల్సి వచ్చేది.

తర్వాత గేములే మారిపోయాయి. అంచులు నునుపు చేయడానికీ, చిన్న బొమ్మను పెద్దది చేయడానికీ ఇప్పటి గేములు వెనకటి ఫ్రేమును చూసుకుంటాయి. ఆ ఫ్రేము పక్క కార్డులో ఉంటే, అది ఇటు చేరేదాకా ఈ కార్డు ఎదురుచూడాలి. 2021 జనవరి 1 నుంచి ఎన్‌విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు చేర్చడం మానేసింది. ఆర్‌టీఎక్స్ 4090కి రెండు కార్డులను కలిపే కనెక్టరే లేదు. డైరెక్ట్‌ఎక్స్ 12 ఆ బాధ్యతను గేము తయారుచేసేవాళ్లకు అప్పగించింది. దాన్ని నెత్తికెత్తుకున్నవాళ్లు బహు కొద్దిమంది.

బిల్లు రాసేముందు

మానిటర్ రిజల్యూషన్ ఎంత, ఎన్ని హెర్ట్జ్, ఆడే గేములేవి అని అడగండి. వీలైతే సిస్టమ్ తెప్పించుకుని చూడండి. చాలాసార్లు జబ్బు కార్డులో ఉండదు. మానిటర్ కేబుల్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు గుచ్చి ఉండొచ్చు. 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్ సెట్టింగుల్లో 60 దగ్గరే ఉండిపోవచ్చు. ర్యామ్ ఒకటే స్టిక్కు మీద నడుస్తుండొచ్చు. దుమ్ము పట్టి కార్డు వేడెక్కుతుండొచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి: గేములో రిజల్యూషన్ బాగా తగ్గించండి. ఫ్రేములు గబుక్కున పెరిగితే లోటు కార్డుది. పెరగకపోతే చాలామటుకు ప్రాసెసర్‌ది. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఫలితం ఉండదు. కార్డుదే లోటయితే పాతది అమ్మించి, ఆ డబ్బుకు రెండో కార్డు డబ్బు కలిపి ఒక్క పెద్ద కార్డు ఇప్పించండి.

కరెంటు లెక్కా చెప్పండి. 320 వాట్ల కార్డులు రెండంటే వాటికే 640 వాట్లు. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది సాధారణంగా 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఉన్నా లేనట్టే. పైగా మే నెలలో ఆ వేడంతా గదిలోకే.

రెండు కార్డులు ఎవరికి?

అడిగిన ప్రతివాడికీ వద్దనకండి. బ్లెండర్, వీ-రే లాంటివాటిలో రెండరింగ్ చేసేవాళ్లకు రెండు కార్డులు నిజంగా పనికొస్తాయి. అక్కడ ఫ్రేముల మధ్య ఎడంతో పని లేదు, మొత్తం పని ఎప్పటికి పూర్తవుతుందన్నదే లెక్క. ఏఐ మోడల్‌ను సొంత సిస్టమ్‌లో నడిపేవాళ్లు దాన్ని రెండు కార్డులకూ పంచుకోవచ్చు. అక్కడైతే మెమరీ కూడా కలిసొస్తుంది. ఇలాంటి ఆర్డరు వస్తే రెండో స్లాటుకు ఎన్ని పీసీఐఈ లేన్లు అందుతున్నాయో మదర్‌బోర్డు మాన్యువల్‌లో చూడండి. చవక బోర్డుల్లో స్లాటు పొడుగ్గానే ఉంటుంది, లోపల దారి నాలుగు లేన్లదే. కార్డుల మధ్య గాలి ఆడే చోటుందా, ఎస్‌ఎంపీఎస్ సరిపోతుందా అన్నవీ చూసుకోవాలి.

ఒక కార్డు గేము గీస్తుంటే రెండోది మధ్య ఫ్రేములు పుట్టించే లాస్‌లెస్ స్కేలింగ్ లాంటి ప్రోగ్రాములూ ఉన్నాయి. పాత కార్డు ఇంట్లో ఊరికే పడి ఉన్నవాళ్లు ప్రయత్నించొచ్చు. దానికోసం కొత్తగా డబ్బు పెట్టమని మాత్రం చెప్పకండి.

చివరగా ఒక అలవాటు. సిస్టమ్ అప్పగించేటప్పుడు ఫ్రేమ్ టైమ్ గ్రాఫు తెరిచి, కుర్రాడికి ఇష్టమైన గేమే పది నిమిషాలు ఆడించండి. ముందున్న గీతా, ఇప్పటి గీతా పక్కపక్కన చూపించండి. రంపం పళ్లలా ఉన్న గీత చదునుగా సాగుతుంటే రెండో కార్డు మాట అతనే ఎత్తడు. వచ్చే నెల అతని స్నేహితుడు సిస్టమ్ కావాలంటే మాత్రం వేరే షాపు పేరు చెప్పడు.