కంటిని వెలికి త్రిప్పు నాడి

తల కదల్పకయే మనము నలుదిక్కులు చూడగలము. ప్రతి కనుగ్రుడ్డునకు అంటియున్న ఆఱు కండరములే ఇందులకు కారణము. మెదడునుండి వెడలు పండ్రెండు జతల కపాలనాడులలో మూడవది వీనిలో నాలుగింటిని, నాలుగవది ఒకదానిని, ఆఱవది మిగిలిన దానిని నడుపును. ఈ ఆఱవ నాడిని గూర్చియే మేమిచట వ్రాయుచున్నాము. కన్నును చెవివైపునకు త్రిప్పుట దీని పని.

పని చిన్నదైనను పయనము పెద్దది. ఈ నాడి మెదడు కాండమున పుట్టి, పుఱ్ఱె అడుగు ఎముక వెంబడి పైకి ప్రాకి, ఇఱుకు సందున వంగి, రక్తముతో నిండిన కుహరమును దాటి కనుగుంటను చేరును. కాలువకు ఎచట గండి పడినను శివారు చేనికి నీరందదని మన గౌతమీ తీరపు రైతు లెఱుగుదురు. ఎండిన చేనిని చూచినంతనే గండి జాడ తెలియదు. ఈ నాడి సంగతియు నట్టిదే.

నాడి చెడినచో కన్ను ముక్కువైపునకు వాలును. ఒక వస్తువు ప్రక్కప్రక్కన రెండుగా కనబడును. దూరపు చూపున ఇది హెచ్చును. ఒక కన్ను మూసిన ఒక్కటిగానే తోచును. పసివారు ఈ బాధను చెప్పజాలరు. ముఖము నొకవైపునకు త్రిప్పి చూచుటయే గుర్తు.

పెద్దలలో మధుమేహము, రక్తపుపోటు తఱచు కారణములు; వారిలో పెక్కుమందికి కొన్ని నెలలలో నయమగును. పిల్లలలో తలదెబ్బ, మెదడున గడ్డ మున్నగునవి కారణములు కావచ్చును. గడ్డ దూరముననున్నను పుఱ్ఱెలో ఒత్తిడి పెరిగి ఈ నాడి దెబ్బతినవచ్చును.

1954 వఱకు యానామును పాలించిన ఫ్రెంచివారి దేశమున, 1858లో ఫోవీల్ అను వైద్యుడు చూపు ఒకవైపునకు తిరుగమిని, ముఖమున పక్షవాతమును, ఎదుటివైపు కాలుసేతుల బలహీనతను కలిపి చూచి, లోపము మెదడు కాండమున నున్నదని వివరించెను. నేడు ఎమ్.ఆర్.ఐ. యంత్రము ఎక్సురే లేకయే అయస్కాంతబలముచే మెదడును, నాడులను చిత్రించి చూపుచున్నది. ఎముక విఱుగుటను త్వరగా కనుగొనుటకు సి.టి. తగినది.

తలిదండ్రులకు మా విన్నపమిది: మెల్లకన్ను అదృష్టమనియో, దిష్టియనియో కాలయాపన చేయకుడు. క్రొత్తగా కన్ను మెల్లయైనను, వస్తువులు రెండుగా కనబడినను వెంటనే వైద్యునికి చూపుడు. తలనొప్పి, వాంతులు తోడైనచో నాడే ఆసుపత్రికి కొనిపొండు. 1958లో నెలకొన్న రంగరాయ వైద్యకళాశాల గల కాకినాడ మనకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననే యున్నది. ఆలస్యమైనచో పసివాని మెదడు ఆ కంటి చూపును విడనాడుట కలవాటుపడును. ఆ చూపు మందగించును. విద్యార్థులారా! తోటివానిని మెల్లకంటివాడని గేలిచేయక, ఆ సంగతి ఉపాధ్యాయునికి తెలుపుడు.