అనంతపురం మెట్టసీమలో పూర్వుల ఆహారవిధి – నేటి గృహస్థులకు పాఠములు

ఈమధ్య అనేక గృహములలో కొర్రలు, సామలు, అరికలు మరల ప్రవేశించినవి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించిన పిదప వీనికి గిరాకీ మరింత పెరిగినది. అయితే, అన్నము మాని కొర్రన్నము తినినంతనే మధుమేహము తొలగిపోవునని కొందరు భావించుచున్నారు. ఈ ధాన్యములనే నమ్ముకొని తరతరాలు జీవించిన అనంతపురం మెట్టప్రాంత సామాన్యులు వీనిని ఎట్లు భుజించిరో తెలిసికొన్నచో ఈ భ్రమ తొలగునని నా విశ్వాసము.

నేల – పంట

అనంతపురం సీమలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియును వేళకు కురియదు. బుక్కరాయసముద్రము వంటి చెరువుల క్రింద కొంత వరి పండినను, సామాన్యునికి వరి అన్నము పండుగనాటి భోజనమే. నిత్యాహారము జొన్న, రాగి, కొర్ర, సామ, అరిక. నేడు ఈ సీమకు గుర్తుగా నిలిచిన వేరుసెనగ విస్తారముగా వ్యాపించినది 20వ శతాబ్దములోనే.

ఆనాటి రైతు గొర్రుతో కొర్ర విత్తునపుడు నడుమ సాళ్ళలో కంది, అలసంద, అనుము, ఆముదము కూడ విత్తెడివాడు. ఒకటి ఎండినను మరియొకటి దక్కును. ఆ విధముగా ధాన్యము, పప్పు, నూనె ఒకే చేనినుండి ఇంటికి వచ్చెడివి. జొన్నలను భూమిలో పాతరవేసి దాచెడివారు. పాతర తెరచిన వెంటనే లోపలికి దిగరు. అందు చేరిన చెడుగాలి ప్రాణాంతకమని వారికి అనుభవముచే తెలియును.

శాస్త్రము చెప్పునది

ఆయుర్వేదము కొర్ర, సామ, అరికలను తృణధాన్యములలో చేర్చినది. ఇవి లఘువు, రూక్షము. కఫపిత్తములను తగ్గించును, కాని వాతమును పెంచును. అందుచే వీనిని ఒంటరిగా తినరాదు. ఇచ్చట మన గ్రామీణుల వంటలోని ఔచిత్యమును గమనింపుడు. సంగటికి తోడు ఉలవకట్టు. ఉలవ ఉష్ణము, కఫవాతహరము. నువ్వులనూనె వాతశమనము. మజ్జిగయు అట్టిదే. గురుగాకు, తుమ్మికూర, చెంచలాకు, గోగాకు పైసా ఖర్చులేక చేని గట్లపై దొరకెడివి. గ్రంథము చదువని ఇల్లాలు గ్రంథము చెప్పినట్లే వండినది.

నేటి పరిశోధనలును దీనిని సమర్థించుచున్నవి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము గలదు. పాలిష్ బియ్యములో అది బహు స్వల్పము. ధాన్యములో కొరవడిన మాంసకృత్తులను పప్పు పూరించును.

ధాత కరువు నేర్పిన పాఠము

అయినను ఆ జీవనమును స్వర్గమని నేను చెప్పను. 1876–78 నాటి ధాత కరువులో నాటి బళ్ళారి జిల్లాలో భాగమైన ఈ సీమ తీవ్రముగా నష్టపడినది. 1877లో రిచర్డ్ టెంపుల్ అను అధికారి, కరువు పనులు చేయు పురుషునికి దినమునకు ఒక పౌను (సుమారు 450 గ్రాములు) ధాన్యము, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ దీనిని వ్యతిరేకించి, కఠినమైన పనిచేయు దేహమునకు పౌనున్నర ధాన్యముతోపాటు పప్పు, కూరలు కూడ అవసరమని వాదించెను. తుదకు మదరాసు ప్రభుత్వము సుమారు 570 గ్రాముల ధాన్యమునకు 43 గ్రాముల పప్పు చేర్చినది. అప్పటికే అనేకులు శుష్కించి, వ్యాధులకు లోనై మరణించిరి. ధాన్యమొక్కటే దేహమును నిలుపజాలదని ఇంతకన్న స్పష్టముగా చెప్పు ఉదాహరణ మరియొకటి కానరాదు.

రాగి సంగటి చేయు విధానము

అర గ్లాసు బియ్యపు నూకలను నాలుగు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికింపవలెను. దానిపై ఒక గ్లాసు రాగిపిండిని కుప్పగా పోసి, కలుపక, మూతపెట్టి సన్నని సెగపై పది నిమిషములు ఉంచవలెను. పిమ్మట ఉండలు కట్టకుండ కర్రతో గట్టిగా కెలికి, తడిచేతితో ముద్దలు చేయవలెను. ఉలవకట్టుతోగాని, ఆకుకూర పప్పుతోగాని వేడిగా తినవలెను. మధుమేహులు చిన్న ముద్దతో తృప్తిపడి, కూర పాలు పెంచుకొనవలెను.

జాగ్రత్తలు

1. చిరుధాన్యములందును పిండిపదార్థమే అధికము. వీనిని తినుచున్నామని మధుమేహపు మందులను స్వయముగా మానరాదు.

2. వానకు తడిసి బూజుపట్టిన అరికలు మత్తు, వాంతులు, వణకు కలిగించును. అట్టివానిని పారవేయవలెను.

3. గొంతువాపు, థైరాయిడ్ వ్యాధి గలవారు సజ్జలను నిత్యాహారము చేసికొనరాదు.

4. రక్తపిత్తము, ఆమ్లపిత్తము గలవారికి ఉలవ పనికిరాదు, పెసరకట్టు మేలు.

5. రోజంతయు గుంటక తోలి, విసుర్రాయి త్రిప్పిన వారి ముద్ద పరిమాణము, కూర్చుండి పనిచేయు మనకు తగదు.

కావున ఒక్క ధాన్యమును ఔషధముగా ఎంచి అంగడిలో అధిక ధర చెల్లించుటకన్న, వారమునకు మూడు నాలుగు దినములు ధాన్యము మార్చి, ప్రతిపూట పప్పును ఆకుకూరను చేర్చి, భోజనాంతమున మజ్జిగ త్రాగుట మేలు.