చిన్న పొగబండి – దాని ప్రతిరూపము

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి సమీపమున నౌపడా అను గ్రామము కలదు. సముద్రతీరమునందలి ఉప్పుమళ్లకు అది ప్రసిద్ధి చెందినది. చెన్నై నుండి కోల్‌కతాకు పోవు పెద్ద రైలుమార్గము ఆ గ్రామము మీదుగానే సాగును. ఒకప్పుడు ఆ స్టేషనునుండి మరియొక చిన్న రైలు బయలుదేరి, టెక్కలి, టెంబూరు, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి పోవుచుండెడిది.

ఆ మార్గమును నిర్మింపజేసినవాడు పర్లాకిమిడి రాజగు గౌరచంద్ర గజపతి. తన పట్టణమునకు రైలు లేని కొరతను తీర్పదలచి, ఆయన సుమారు 7 లక్షల రూపాయలు వ్యయపరచి 25 మైళ్ల మార్గమును వేయించెను. 1900వ సంవత్సరమున దానిపై బండ్లు నడువ నారంభించెను. 1931 నాటికి ఆ మార్గము గుణుపురము వరకు పొడిగింపబడెను. పెద్ద మార్గమున పట్టాల నడిమి ఎడము 5 అడుగుల 6 అంగుళములు; ఈ మార్గమున 2 అడుగుల 6 అంగుళములు మాత్రమే. ఒక మార్గపు పెట్టెలు రెండవ మార్గముపై నడువజాలవు. కావున నౌపడాలో సరకులను ఒక పెట్టెనుండి దింపి మరియొక పెట్టెలోని కెక్కింపవలసి యుండెను.

2004లో ఆ చిన్న పట్టాలపై రాకపోకలు నిలిచిపోయెను. వాని స్థానమున పెద్ద పట్టాలు వేయబడి, 2011 నాటికి గుణుపురము వరకు పెద్ద రైలు నడచెను. సరకులను మార్చు శ్రమ తీరెను. కాని నిప్పును, నీటిని కడుపున దాల్చి కదలిన ఆ చిన్న ఆవిరి యంత్రములు నేటి బాలురకు కథలుగానే మిగిలెను. పాతవస్తువు నశించినపుడు దానిని కన్నులకు కట్టించు సాధనములలో నమూనా యొకటి.

నమూనా యనగా ఆటబొమ్మ కాదు. ప్రతి భాగమును ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసిన ప్రతిరూపమే నమూనా. 12వ వంతున చేయదలచినచో ఒక అడుగు ఒక అంగుళ మగును. అప్పుడు చిన్న రైలు పట్టాల ఎడము రెండున్నర అంగుళములు. పెద్ద రైలు పట్టాల ఎడము అయిదున్నర అంగుళములు. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపిన యెడల నౌపడాలో కూలీలు బస్తాలు మోయవలసిన కారణము మాటలతో చెప్పకయే తెలియును.

స్టేషనులో పెట్టెలను విడదీసి, కలిపి, వరుసగా నిలుపు పనికి షంటింగు అని పేరు. ఆ పనికై నిర్మించిన ఇంజనునకు వేగముకంటె బలము ముఖ్యము. అందుచేత దాని చక్రములు చిన్నవి. చక్రము చిన్నదైన కొలది పిస్టను ఒక్కొక్క కదలికకు బండి తక్కువ దూరము పోవును. కాని ఎక్కువ బరువును లాగును. అట్టి ఇంజనులలో పెక్కింటికి నీటి తొట్లు బాయిలరునకు ఇరుప్రక్కలనే యుండును. వెనుక బొగ్గుబండి లేనందున డ్రైవరు ముందు వెనుకలను చక్కగా చూడగలడు. నమూనా చేయువాడు ఈ కారణముల నెరిగి చేయవలెను. చక్రమును అందముకొరకు కొంచెము పెంచినను అది షంటింగు ఇంజను కాజాలదు.

ఇందొక చిత్రమైన విషయము కలదు. పొడవు 12వ వంతైనపుడు ఉపరితలము 144వ వంతగును. ఘనపరిమాణము 1728వ వంతగును. కావున 17 టన్నుల ఇంజనును అదే లోహముతో ఆ కొలతకు చేసినచో దాని బరువు సుమారు 10 కిలోలు మాత్రమే. లోపలి ఆవిరి మిక్కిలి తగ్గును గాని, దానిని చల్లార్చు లోహతలము అంతగా తగ్గదు. అందుచేత చిన్న యంత్రము వేడిమిని త్వరగా కోల్పోవును.

ఈ లోపమే లోకమునకు మేలు చేసెను. 1763–64లో గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు పరికరములు బాగుచేయు జేమ్స్ వాట్ చేతికి న్యూకొమెన్ ఆవిరి యంత్రపు నమూనా యొకటి వచ్చెను. మరమ్మతు చేసిన పిదపను అది కొలదిసార్లు కదలి ఆగిపోవుచుండెను. ఇతరులైనచో బొమ్మ యని ప్రక్కన బెట్టియుందురు. వాట్ కారణమును వెదకెను. సిలిండరును మాటిమాటికి చల్లార్చి, మరల వేడిచేయుటలో ఆవిరి వృథా యగుచున్నదని గ్రహించెను. 1765లో ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చు ఉపాయమును కనుగొనెను. పెద్ద యంత్రముల లోపము ఒక చిన్న నమూనా మూలమున బయటపడెను.

కావున నమూనా గతమును జ్ఞాపకముంచుటయే గాక, ఆలోచించుటను గూడ నేర్పును. అయితే దాని విలువ దాని సత్యమునందే కలదు. అసలు యంత్రము కన్నుల ఎదుట నుండగా ప్రతిరూపమునందలి తప్పును ఎవరైనను దిద్దగలరు. అసలుది నశించిన పిమ్మట తప్పే నిజముగా చెలామణి యగును. అందుచేత చిన్న మరనుగూడ కొలిచి చేయు ఓర్పు ఆ శిల్పికి ఆవశ్యకము. చిన్న పొగబండి నడచిన కాలమును రాబోవు తరముల కందించువాడు ఆ ఓర్పు గలవాడే.