సిమెంటు పనివారి చేతులు – క్షారదగ్ధము

ఇల్లు కట్టించు గృహస్థుడు సిమెంటు బస్తాలను లెక్కించును, ఇసుకలో మట్టి కలసినదేమో చూచును, గోడలకు నీరు పట్టినారా లేదా అని ఉదయము సాయంత్రము విచారించును. మాలు కలుపు వారి చేతులను చూచుట మాత్రము అరుదు. వైద్యుడనై యుండియు నేనును చాల కాలము చూడలేదు.

రెండు సంవత్సరముల క్రిందట మా వీధిలో ఒక క్రొత్త ఇంటికి టైల్సు పరచుచుండిరి. ఆ పనికి పాలమూరు ప్రాంతము నుండి వచ్చిన ముప్పది యేండ్ల స్త్రీ ఒకతె తెల్లవారుచుండగనే మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నది. ముందటి దినమంతయు టైల్సు సందులలో తెల్ల సిమెంటు ముద్దను వట్టి వ్రేళ్ళతో అదిమినదట. "పని చేస్తుంటే ఏం తెల్వలే సారూ. రాత్రి బువ్వ కలపబోతే మంట లేసింది" అన్నది. ఆరు వ్రేళ్ళ కొసలయందు మిరియపు గింజ పట్టునంత గుంటలు పడియున్నవి. రెండింటి లోపల చర్మము తెల్లబారి, తాకినను ఆమెకు తెలియుట లేదు.

ఇది ఒరపిడి పుండు కాదు, క్షారదగ్ధము. సున్నపురాతిని, బంకమట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చి, నూరి సిమెంటు చేయుదురు. దానికి నీరు తగిలినంతనే సున్నము పుట్టును. తడి సిమెంటు తీక్ష్ణ క్షారమగుటకు కారణమిదియే. నిప్పు తగిలినవాడు వెంటనే చేయి వెనుకకు లాగుకొనును. క్షారము అట్లు హెచ్చరింపదు. మొదట చర్మమునందలి జిడ్డును కరిగించును, పిదప చర్మమును మెత్తబరచును, అటుపై లోనికి దిగును. నొప్పి తెలియునప్పటికి కొన్ని గంటలు గడచిపోవును. కూలివారు బాధను ఓర్చుకొని పని చేసిరని మనము అనుకొందుము గాని, నిజమునకు వారికి అప్పటికి బాధయే తెలియదు.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున 11వ అధ్యాయము క్షారపాకవిధి. మోదుగ మొదలగు వృక్షముల భస్మము నుండి క్షారమును తీయుట, దానిని వ్యాధి స్థానమున ఉంచుట అందు వివరింపబడినవి. క్షారమును ఉంచిన వైద్యుడు నూరు మాత్రల కాలము మాత్రమే వేచియుండవలెనని నియమము. ఒక హ్రస్వాక్షరమును పలుకు కాలము మాత్ర. నూరు మాత్రలు కలిసినను ఒక నిమిషమునకు మించవు. చేయి తిరిగిన వైద్యుడు, ఎంచిన చోట, కొలిచిన క్షారమును నిమిషమైనను నిలువనీయడు. మన ఇంటి గోడ పూయు మనిషి చేతిపై అది ఉదయము ఎనిమిది గంటల నుండి సాయంకాలము వరకు నిలుచుచున్నది.

ఆ అధ్యాయమే నన్నొకసారి తప్పుదారి పట్టించినది. తప్పు శాస్త్రమునది కాదు, నాది. క్షారము అమ్లముచే శమించునని అందున్నది. 1980వ దశకమున, గురుకులము విడిచిన క్రొత్తలో, చేతులు కాలిన తాపీ మేస్త్రి ఒకడు రాగా, పచ్చి పుండుపై నిమ్మరసము పిండితిని. ఆతని కేక విని లోపలి నుండి వచ్చిన మా గురువుగారు నా చేతిలోని నిమ్మచెక్కను లాగి పారవేసి, రెండు కడవల నీరు తామే ఆతని చేతులపై ధారగా పోసినారు. "నీవు పెట్టిన క్షారమైతే నీకు లెక్క తెలుసును. ఇది ఎంత ఉన్నదో, ఎంత లోతు పోయినదో నీకేమి తెలుసును?" అని మాత్రమన్నారు. ఇంటి వద్ద చికిత్సకు నీరే ప్రధానము. నిమ్మరసము, చింతపండు పులుసు, పుల్లని మజ్జిగ వద్దు.

నీటితో కడుగుటకును పద్ధతి కలదు. పొడి సిమెంటు అంటియున్నచో ముందు పొడిగుడ్డతో దులపవలెను. ఉంగరములు, గాజులు, మణికట్టు దారములు తీయవలెను, వాని క్రింద చిక్కిన ముద్ద రాత్రియంతయు కాల్చుచుండును. తరువాత పారు నీటి క్రింద తక్కువ కాకుండ ఇరువది నిమిషములు ఉంచవలెను. తాపీలు, గమేళాలు కడిగిన డ్రమ్ములోనే చేతులు ముంచుట పనివారి అలవాటు. ఆ నీరే సున్నపు నీరు, దానితో కడిగినను కడుగనట్లే. కిరసనాయిలు రుద్దుట అంతకంటె చెరుపు. బెణుకునకు వేసినట్లే పసుపు, సున్నము కలిపి పట్టు వేయువారిని కూడ చూచితిని. సున్నముచే కాలిన చోట మరల సున్నమా! కంటిలో పడినచో కనురెప్ప తెరచి నీరు ధారగా పోయుచునే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చర్మము తెల్లగా గాని నల్లగా గాని మారి స్పర్శ పోయినచో ఆ దినమే ఆసుపత్రి; లేపనములతో కాలయాపన చేయరాదు.

"గ్లౌజులిచ్చినను వేసుకొనరండీ" అని యజమానులు నాతో అనుచుందురు. ఏ గ్లౌజులిచ్చిరని అడిగినచో నూలువి అందురు. నూలు గ్లౌజు తడిసి సిమెంటు పాలను పీల్చి చేతికి పట్టువలె అంటియుండును. వట్టి చేయియే దానికంటె మేలు. నీరు చొరని రబ్బరు గ్లౌజులు, మణికట్టు దాటి పొడవున్నవి కావలెను. చేతి కొలతకు సరిపోవలెను. మగవారి కొలతవి స్త్రీలకిచ్చిన పట్టు జారును. జారినది వారు తీసివేయక ఏమి చేయుదురు? చిరిగిన జత, లోపల మాలు చేరిన జత పనికిరావు. టైల్సు సందులు నింపుటకు రబ్బరు పలక బజారున దొరకును, వ్రేళ్ళతో పనియే లేదు.

పనికి ముందు నూనె పూసుకొన్నచో చాలునని కొందరందురు. నూనె కవచము కాదు, క్షారము దానిని దాటిపోవును. నూనెకు సమయము రాత్రి, చేతులు కడిగి ఆరబెట్టిన పిమ్మట. పుండు లేని పగుళ్ళకు సిక్థతైలము మంచిది: తేనెమైనము ఒక పాలు, నువ్వులనూనె ఆరు పాళ్ళు సన్నని సెగపై కరిగించి, వడగట్టి, చల్లారువరకు కలుపవలెను. దీనిని రాచి, పలుచని గుడ్డ చుట్టి పరుండిన ఉదయమునకు చర్మము మెత్తబడును.

కొందరికి సిమెంటు మానిన వారమునకు తగ్గి, మరల తాకినంతనే చేతి వెనుక భాగమున దురద, నీటి పొక్కులు లేచును. ఇది వేరు వ్యాధి. సిమెంటులో లేశమాత్రముగా నుండు క్రోమియము శరీరమునకు పడకపోవుటచే కలుగు విచర్చిక. ఒకసారి వచ్చిన ఈ పడకపోవుట సాధారణముగా జీవితాంతము నిలుచును. ఐరోపా సమాఖ్యలో 2005 నుండి సిమెంటులో కరుగు క్రోమియము పది లక్షల పాళ్ళకు రెండు పాళ్ళు మించరాదని నియమము. దానికై కర్మాగారములలో కలుపు ద్రవ్యములలో ముఖ్యమైనది మన అన్నభేదియే, వైద్యగ్రంథములలోని కాసీసము. అయితే ఇంటి వద్ద బస్తాలో కలుపదగినది కాదు.

సెంట్రింగు మేకు, కడ్డీ కొస గుచ్చుకొన్న గాయము సంగతి వేరు. బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ క్షిప్రమర్మము కలదనియు, అచట గుచ్చుకొన్నచో ఆక్షేపకముతో మరణము కలుగుననియు సుశ్రుతుడు చెప్పినాడు. ధనుర్వాతమును ఎరిగినవారికి ఆ మాట బోధపడును. అట్టి గాయమున కాఫీపొడి నింపక, కడిగి, ధనుర్వాతపు టీకా వేయింపవలెను.

ఆ స్త్రీని నేను వెంటనే ఆసుపత్రికి పంపితిని. మలినము తొలగిన పిమ్మట జాత్యాది ఘృతముతో కట్లు కట్టితిని. పదునెనిమిది దినములకు చర్మము కూడినది. అన్ని దినములును కూలి లేదు. ఇంటి యజమానికి సంగతి చెప్పగా ఆయన కొంతసేపు మౌనముగా నుండి, వారము కూలియు ఆరు జతల రబ్బరు గ్లౌజులును పంపినాడు. వానిలో నాలుగు జతలు ఆడవారి చేతులకు పెద్దవైనవి. వానిని మార్చి తెచ్చుటకు ఆయనయే మరల బజారుకు పోయినాడు.